దెబ్బలు మింగిన పుస్తకాలు

పటమటలోని ఆ హైస్కూల్లో ఫస్టు బెల్లు కొట్టకముందే లైబ్రేరియన్ సుధామణి మైదాపిండి ఉడికించి జిగురు చేసుకునేది. రెండో పీరియడ్లో లెక్కల మాస్టారు సంజీవరావు బెత్తం లేస్తుందని, ఆ తర్వాత తనకి చేతినిండా పని పడుతుందని ఆమెకి తెలుసు.

దెబ్బలు తిన్న పిల్లలు నేరుగా లైబ్రరీకి వచ్చేవాళ్ళు. చేతికందిన పుస్తకం తెరిచి, వాచిన చోటు పేజీకి ఆనించేవాళ్ళు. దెబ్బ పుస్తకంలోకి దిగిపోయేది. ఎలాగంటే, ఒంటిమీది తట్టు మాయమై, అంత పొడుగునా కాగితం కమిలేది. చర్మం చిట్లితే కాగితం చిరిగేది, నెత్తురు దానికే అంటేది. ఇందులో ఎవరికీ వింత లేదు. సుద్దముక్కలు కావాలంటే ఆఫీసుకి, దెబ్బ పోవాలంటే లైబ్రరీకి. అంతే.

అందుకే సంజీవరావుకి చెయ్యి ఆపుకోవాల్సిన పని ఉండేది కాదు. "ఏడుస్తావేంట్రా, లైబ్రరీ ఉందిగా!" అంటూ మోకాలిచిప్పల మీద, వెన్నుపూస మీద, చెవుల మీద బాదేవాడు.

"మీకేం మేడం, ఫ్యాను కింద కూర్చుని అట్టలు అతికే ఉద్యోగం," అనేవాడు స్టాఫ్‌రూమ్‌లో.

"మొన్న తీసుకెళ్ళిన వారపత్రిక ఇంకా ఇవ్వలేదండీ మీరు," అనేది సుధామణి. అంతకుమించి మాట తూలేది కాదు.

ఒకసారి హెడ్మాస్టరు రత్తయ్య గారితో చెప్పుకుంది.

"ఏ పిల్ల ఒంటిమీదైనా ఒక్క దెబ్బ చూపించండి మేడం, ఇప్పుడే పిలిచి అడుగుతాను," అన్నారాయన.

ఏం చూపిస్తుంది? దెబ్బలన్నీ బీరువాల్లో ఉన్నాయి.

ఆ సాయంత్రం ఒక లావుపాటి పుస్తకం కుట్టడానికి కూర్చుంది. ఎవరో పిల్లాడి వీపు మీద పడిన దెబ్బ, మొదటి పేజీ నుంచి వెనకట్ట దాకా చీల్చుకుపోయింది. సూదికి దారం ఎక్కించబోయి ఆగిపోయింది. తను ఈ కుట్టు వేస్తేనే కదా, రేపు మళ్ళీ బెత్తం లేచేది!

మర్నాడు స్టాక్ వెరిఫికేషన్‌కి అనుమతి కాగితం పట్టుకెళ్ళింది. ఉన్న పుస్తకాలన్నీ లెక్క చూసేదాకా లైబ్రరీ మూసి ఉంచాలి, ఎవరూ పుస్తకం ముట్టకూడదు. అది ఎక్కడైనా ఉన్న పద్ధతే. లైబ్రరీ కాగితమేగా అని, రత్తయ్య గారు ఫోన్లో మాట్లాడుతూనే చదవకుండా సంతకం గీకేశారు.

ఆ రోజే తొమ్మిదో తరగతి నాగమల్లేశ్వరికి లెక్క తప్పింది. సంజీవరావు జడ పట్టుకుని పిల్ల తలని బోర్డు అంచుకేసి కొట్టాడు. కనుబొమ్మ చీలింది. పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది.

"మేడం, పుస్తకం!"

సుధామణి తలుపుకి అడ్డంగా నిలబడింది. "స్టాక్ వెరిఫికేషన్ అమ్మా."

"ఒక్క పేజీ చాలండీ! కన్ను కనపడట్లేదు మేడం!"

నెత్తురు గడప మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. సుధామణి ఒక చేత్తో పమిట చెంగు ఆ గాయానికి అదిమిపట్టింది. తాళంచెవి ఉన్న రెండో చెయ్యి వెనక్కి దాచుకుంది.

రత్తయ్య గారు ఆయాసపడుతూ వచ్చారు. "తలుపు తీయండి! వాళ్ళమ్మ క్యారేజీ తెచ్చే వేళయింది!"

"మీరే సంతకం పెట్టారు సార్."

"ఉద్యోగం ఊడిపోతుంది, జాగ్రత్త!"

"లెక్క అయ్యాక రాసివ్వండి సార్, తీసుకుంటాను."

కొండలమ్మ రానే వచ్చింది. మార్కెట్లో చేపలమ్మే మనిషి. కూతురి మొహం చూసి క్యారేజీ కింద పెట్టింది.

"ఎవరే?"

పిల్ల లెక్కల క్లాసు వైపు వేలు చూపించింది.

కొండలమ్మ క్లాసులోకి వెళ్ళి సంజీవరావు చేతిలోని బెత్తం లాక్కుంది. మొదటి దెబ్బ ముంజేతి మీద, రెండోది మెడ మీద. మూడోది చెంప మీద పడి బెత్తం విరిగింది.

"మేం చేపని కూడా ఇట్టా బాది చంపంరా!"

సంజీవరావు పరుగున లైబ్రరీ దగ్గరికొచ్చాడు. "మేడం, ఒక్క పుస్తకం... ఈ మొహంతో బయటికెలా పోను?"

"క్షమించండి మాస్టారూ. పద్ధతి అందరికీ ఒకటే."

ఆసుపత్రిలో మల్లేశ్వరి కనుబొమ్మకి కుట్లు పడ్డాయి. గాయం ఒంటిమీదే ఉంది కాబట్టి డాక్టరు చూశాడు, పోలీసులు చూశారు, అమ్మలూ నాన్నలూ బడి ముందుకొచ్చి చూశారు. సంజీవరావు చెంప మీద తట్టుతోనే జీపెక్కాడు. మళ్ళీ ఆ బడికి రాలేదు.

లెక్క ముగిసి సుధామణి తలుపులు తెరిచిన రోజు, రత్తయ్య గారు కొలిచే టేపుతో వచ్చారు.

"దెబ్బలే లేవు కదా మేడం, ఇక లైబ్రరీ ఎందుకు? గది కంప్యూటర్లకిద్దాం."

సుధామణి జవాబు చెప్పేలోపు మల్లేశ్వరి లోపలికొచ్చింది. అలవాటుగా ఒక పుస్తకం తెరిచింది. ఆనించడానికి చేతిమీద ఏమీ లేదు. ఏం చెయ్యాలో తోచక పేజీ వంక చూసింది. చూస్తూ చూస్తూ ముందుకి వంగింది.

"మేడం! ఇందులో ఏదో కథ ఉందండీ!"

గుమ్మంలో ఉన్న పిల్లలు తోసుకుంటూ వచ్చారు. "ఏదీ? దీంట్లో కూడా ఉందా? నాది చూడు, నాది చూడు!"

సుధామణి కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది.

"ఒకరి తర్వాత ఒకరు. పేరు చెప్పి ఇంటికి తీసుకెళ్ళండి," అంది.

వరస గోడ పొడుగునా సాగింది. గది కొలవడానికి చోటు లేక రత్తయ్య గారు టేపు చుట్టుకుంటూ పక్కకి జరిగారు.