మైకు ముందు పెట్టిన ఫోను

సాయిలక్ష్మి మొండిది. విస్సన్నపేటలో మిక్సీలు, మైకుసెట్లు బాగుచేసే పాల్ రాజు ఆమెతో వాదించి వాదించి నోరు నొప్పి పుట్టించుకున్నాడు. ఇద్దరికీ సరదాకి సొంతంగా రేడియో నడుపుకునే హామ్ లైసెన్సులున్నాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె తోటలోని షెడ్డు నుంచి, అతను కొట్టు నుంచి రేడియోలో టెలిటైపు పంపుకుంటారు. ఇక్కడ టైపు చేసిన అక్షరాలు రెండు స్వరాలుగా, ఒకటి కాస్త హెచ్చు, ఒకటి కాస్త తగ్గుగా మారి గాలిలో వెళ్లి, అక్కడ తెరమీద మళ్లీ అక్షరాలవుతాయి.

తగాదా అంతా ఆ స్వరాలను పుట్టించే పద్ధతి గురించే. సాయిలక్ష్మి ఫోనులో టైపు చేసి, దాన్ని రేడియో మైకు ముందు నిలబెడుతుంది. ఫోను కీచుమంటుంది, మైకు వింటుంది, రేడియో పంపుతుంది. మైకులో చప్పుడు పడితే చాలు, సెట్టు దానంతటదే ప్రసారం మొదలెట్టేలా అమర్చుకుంది కూడా.

"అదేం పద్ధతండీ బాబూ! మీ షెడ్డులో బల్లి అరిచినా నాకు వినపడుతోంది" అని పాల్ రాజు గోలపెట్టేవాడు. ఊరికే గోల కాదు, తనే ఒక తీగ చేసి తెచ్చాడు. అది తగిలిస్తే స్వరాలతో పనిలేదు. ల్యాప్‌టాప్ నేరుగా రేడియోకే చెబుతుంది, రేడియో తన ఫ్రీక్వెన్సీని కాస్త అటూ ఇటూ జరుపుతుంది. మైకు మూగబోతుంది, టైపు చేసిన అక్షరం తప్ప ఇంకేదీ బయటికి పోదు. ఆ తీగను సాయిలక్ష్మి మేకుకు తగిలించి మర్చిపోయింది. అందుకే అతను ఆమె పంపిందంతా రికార్డు చేసి, స్వరాలెంత వంకరగా ఉన్నాయో ఆమెకే వినిపించి ఏడిపించేవాడు.

ఆ రోజూ ఫోను మైకు ముందు నిలబెట్టి కూర్చుంది. బయట రంపం మెషిన్ రొద మొదలైంది. ఆమె బాబాయి కొడుకు పెద్దిరాజు అన్నంత పనీ చేశాడన్నమాట. గట్టుమీది చిన్నరసం మామిడిచెట్ల వరస తనదేనని ఏళ్ల తరబడి పోట్లాడాడు. సర్వే చేయిస్తే అది సాయిలక్ష్మి వైపు తేలింది. "నాకు దక్కనివి దానికీ దక్కవు" అని ఊళ్లో అందరి ముందూ అన్నాడు.

ఆమె లేచేలోపే తోటకి కాపలా ఉండే ముసలి పోతురాజు తలుపు తోసుకుని లోపల పడ్డాడు. నుదురు చీలి కళ్లలోకి రక్తం కారుతోంది.

"అమ్మగారూ, చెట్టుకి అడ్డం నుంచున్నానండీ. గొడ్డలి కర్రతో కొట్టేశాడండీ."

వెనకే పెద్దిరాజు వచ్చాడు, వాడి వెంట కూలికి తెచ్చుకున్న ఇద్దరు మనుషులు. కిందపడ్డ పోతురాజును డొక్కలో తన్నాడు. సాయిలక్ష్మి అడ్డం వెళితే చెంప పగలగొట్టాడు.

"ఎవరికే ఫోను చేస్తున్నావ్? పోలీసులకా?" కీచుమంటున్న ఫోను లాక్కుని గోడకేసి కొట్టాడు. అది ముక్కలైంది. దాంతో పీడ విరగడైందనుకున్నాడు. పక్కనున్న మైకు వంక వాడు చూడనైనా చూడలేదు.

ప్రసారం సాగుతోందని చెప్పే ఎర్రదీపం రేడియో మీద వెలుగుతూనే ఉంది. అది చూసిన సాయిలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. పెద్దిరాజుని తిడుతున్నట్టే గొంతు చించుకుంది.

"పెద్దిరాజన్నయ్యా, వద్దు! గొడ్డలి కర్రతో పోతురాజు తల పగలగొట్టావ్, ఇక చాలు! మా తోటకి రండయ్యా ఎవరైనా, పోలీసుల్ని తీసుకుని రండి!"

"అరువ్. నీ అరుపు మామిడికాయలు వింటాయా?" పెద్దిరాజు నవ్వి, కర్ర తిరగేసి పోతురాజు వీపు మీద వేశాడు. మళ్లీ వేశాడు. ఆ ముసలాడు అరవడం మానేసి మూలగడం మొదలెట్టాడు.

ఏంటెనాకు మిగిలిన ఇనప గొట్టం మూలన ఉంది. సాయిలక్ష్మి దాన్ని రెండు చేతులా ఎత్తి వాడి మోకాలి మీద కొట్టింది. ఎముక పెళ్లుమంది. పెద్దిరాజు కుప్పకూలాడు, కర్ర జారిపోయింది. వెంట వచ్చినవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని పరుగందుకున్నారు.

అక్కడితో అయిపోవాలి. అయిపోలేదు. పెద్దిరాజు కుడిచెయ్యి ఎత్తి, "వద్దు చెల్లెమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా" అన్నాడు. ఆ చెయ్యే పోతురాజును కొట్టింది. ఆ చెయ్యే తన చెంప మీద పడింది. ఆమె ఆ చేతిని కాలికింద తొక్కిపట్టి గొట్టంతో కొట్టింది. వాడు బతిమాలుతుంటే కొట్టింది, వాడి మాట ఆగిపోయాకా కొట్టింది. అందులో హాయి ఉంది, అది ఆమెకు తెలుస్తూనే ఉంది. ఎర్రదీపం సంగతి మాత్రం అప్పుడు గుర్తులేదు.

పాల్ రాజు పోలీసు జీపుతో వచ్చేసరికి ఆమె పోతురాజు తలకు తన చున్నీ కట్టి కూర్చుంది.

నూజివీడు ఆసుపత్రిలో పోతురాజుకు కుట్లు వేశారు. పెద్దిరాజు అరచెయ్యి తీసెయ్యక తప్పదన్నారు. ఎస్సై అడిగితే సాయిలక్ష్మి, "మీదికొస్తుంటే ఒక్క దెబ్బ కొట్టానండీ, పడిపోయాడు" అంది. ఎస్సై మెట్ల మీదికి వెళ్లి నిలబడ్డాడు.

పాల్ రాజు ఆమెను పక్కకు పిలిచాడు.

"వాడి మనుషులిద్దరూ స్టేషన్లో చెబుతున్నారు, పోతురాజు చెట్టుమీంచి పడ్డాడని. మీరే పిచ్చెత్తి పెద్దిరాజుని కొట్టారట."

"మీ దగ్గర రికార్డుందిగా! అది ఇచ్చేయండి!"

"ఇస్తానమ్మా. ఇస్తే మొత్తం ఇస్తా. సగానికి కొయ్యను."

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది ఎర్రదీపం. అతను రికార్డు పెట్టి తన ఫోను ఆమె చేతికిచ్చాడు. మొదట ఆమె వంకర స్వరాలు, తరవాత ఫోను పగిలిన చప్పుడు, పోతురాజు మూలుగు. తరవాత "నీ కాళ్లు పట్టుకుంటా". ఆ తరవాత గొట్టం చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంది, మధ్యలో తన గొంతు. తను నవ్విందని అది వినేదాకా ఆమెకు తెలియదు.

"నా తీగ పెట్టుకుని ఉంటే ఇదేదీ నాకు వినపడేది కాదు" అన్నాడు పాల్ రాజు నేల చూస్తూ. "పోతురాజు అరుపూ వినపడేది కాదు. నేను వచ్చేవాణ్ణే కాదు."

లోపల మంచం మీద పోతురాజు కళ్లు తెరిచాడు. "అమ్మగారూ, చెట్లు మిగిలాయాండీ?" అన్నాడు.

"నీ వల్లే మిగిలాయి" అంది సాయిలక్ష్మి దగ్గరికెళ్లి. "చెట్టుమీంచి పడ్డావంట కదా, పెద్దిరాజు మనుషులు అలా చెబుతున్నారు."

"నేనాండీ?" ముసలాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "చెట్టుమీంచా?"

సాయిలక్ష్మికి ఏడుపొచ్చింది, భయమూ వేసింది. ఫోను పట్టుకుని మెట్ల దగ్గరున్న ఎస్సై ముందుకు వెళ్లి అందించింది.

"ఒక్క దెబ్బని అబద్ధం చెప్పానండీ. ఇది చివరిదాకా వినండి" అంది. "నవ్వింది నేనే."