జీనుపై పంతొమ్మిది

నేను ఒక రెక్సిన్ ముక్కను. రెండు అరచేతులు పక్కపక్కన పెడితే ఎంతో అంత ఉంటాను. పసుపు రంగు మీద నల్లని పంతొమ్మిది. వెనుక వైపు వెల్క్రో పట్టీ. జనం నన్ను నంబరు అంటారు, గుర్రాన్నీ నంబరే అంటారు. ఆ రెండింటి మధ్య తేడా ఉన్నదని నాకు తెలుసు. తెలియడం ఎవరికీ ఉపయోగపడలేదు.

నా పుట్టుకకు కారణం గుర్రపు చెమట. ఆ సముద్రతీర పట్టణంలో ఇసుక మీద పిల్లల్నీ పెద్దల్నీ ఎక్కించుకుని తిప్పే గుర్రాలు ఓ పాతిక ఉండేవి. ప్రతి గుర్రానికీ నంబరుండాలని అధికారులు మొదట రేకు బిళ్ళలు ఇచ్చారు. వాటి అంచులు గీరుకుని గుర్రాల పక్కటెముకల మీద పుండ్లు లేచాయి. తర్వాత జీను కింద పరిచే మెత్తల మీదే రంగుతో అంకెలు వేయించారు. ఉప్పుగాలికి, చెమటకు మెత్తను రోజూ ఉతకక తప్పదు. ఉతికిన కొద్దీ ఎనిమిది మూడయింది, మూడు ఏమీ కాకుండా పోయింది. చివరికి ఎవరికో ఒక ఉపాయం తట్టింది: మెత్త మీద ఒక పట్టీ, అంకె వెనుక ఒక పట్టీ. ఉతికేటప్పుడు తీసెయ్యవచ్చు, ఆరిన మెత్తకు అంటించవచ్చు. తీయడానికి వీలైనదే గుర్తింపుగా పనికొస్తుందని మనుషులు నిర్ణయించుకున్న రోజున నేను పుట్టాను.

బస్టాండు పక్కన ఆటో సీట్లు కుట్టే జిలానీ నన్ను కుట్టాడు. సీటుకు కోయగా మిగిలిన ముక్క నేను. కుట్టడం పూర్తయ్యాక నన్ను తన పనిబల్లకు అంటించి, పీకి, మళ్ళీ అంటించి చూశాడు. పీకినప్పుడల్లా చర్రుమన్నాను. “గట్టోడే” అని పక్కన పడేశాడు. నా గురించి ఎవరైనా చెప్పిన మంచి మాట అదొక్కటే.

నన్ను అందుకున్నది దాలమ్మ. భర్త పోయాక అతని గుర్రాలను తానే చూసుకునేది. తోడుగా ఆమె తమ్ముడు ఎర్రయ్య ఉండేవాడు. గుర్రాలు రెండు. ముత్యాలు తల్లి, తిత్లి కూతురు. తిత్లి తుపాను కొట్టిన వారంలో పుట్టింది కనుక దానికా పేరు. ఈనిన తర్వాత ముత్యాలుకు పాలు దిగలేదు. కప్పు ఎగిరిపోయిన ఇంట్లో కూర్చుని దాలమ్మే ఆ పిల్లకు సీసాతో పాలు పట్టి బతికించింది. పెరిగేసరికి తల్లికీ కూతురికీ తేడా కనబడకుండా పోయింది. ఇద్దరిదీ రాగి వన్నె, ఇద్దరి నొసటా తెల్ల చుక్క. దగ్గరికి వచ్చి కళ్ళు చూస్తేనే ఎవరు ముసలిదో తెలిసేది. గుర్రం ఎక్కడానికి వచ్చేవాళ్ళు కళ్ళు చూడరు.

నంబరు మాత్రం ఒకటే. కొత్త నంబర్లు ఇవ్వడం ఆపేశారు. ముత్యాలు పేరున నేనున్నాను, తిత్లికి ఏమీ లేదు. అందుకని ఆ తీరంలో అందరూ చేసేదే దాలమ్మా చేసేది. పొద్దున ముత్యాలు తిరిగేది. ఎండ ముదిరే వేళకు నన్ను చర్రున పీకి తిత్లి మెత్తకు అంటించేవారు. ముత్యాలు సరుగుడు తోట నీడకు వెళ్ళి నీళ్ళు తాగేది. కొన్నాళ్ళకు ఆ చప్పుడు వినగానే ముత్యాలు చెవులు వాల్చి, బరువంతా మూడు కాళ్ళ మీద వేసి నాలుగోదాన్ని సడలించేది. పని అయిపోయిందని దానికి చెప్పే భాష నేనే.

ఒక నంబరుకు ఒకే గుర్రం, దానికి రోజుకు ఇన్ని గంటలే పని అని నిబంధన; ఇది దానికి విరుద్ధం. గుర్రాలను అలసట నుంచి కాపాడడానికే ఆ నిబంధన పెట్టారు. ముసలి గుర్రాన్ని అలసట నుంచి కాపాడడానికే దాలమ్మ దాన్ని అతిక్రమించింది. దయ రెండు వైపులా ఉన్నప్పుడు కీడు ఏ దారిన వస్తుందో నేను చాలాసార్లు ఆలోచించాను. నాకు దొరికిన జవాబు ఒక్కటే: మధ్యలో నేనున్న దారిన.

పక్క గుర్రం తోలే గురయ్య ఈ మార్పిడిని చూసి రోజూ ఏదో ఒకటి అనేవాడు.

“ఏటే దాలమ్మా, తల్లీకూతుళ్ళకి పట్టు కోక ఒకటేనేటి? ఒకర్తి ఇప్పితేగాని ఇంకోర్తి పెళ్ళికెళ్ళదు.”

“నీ పెళ్ళానికి కొన్నానంటావు గదా, ఆ కోక అప్పియ్యి మరి. ఇంతవరకూ దాన్ని ఎవులూ సూడనేదు” అనేది దాలమ్మ. గురయ్యే అందరికన్నా ఎక్కువ నవ్వేవాడు. అతని గుర్రం నంబరూ మధ్యాహ్నానికి వేరే గుర్రం మీద ఉండేది.

పక్క జిల్లాలో ఒక పెళ్ళిగుర్రం గ్లాండర్స్ జబ్బుతో చచ్చిందన్న కబురు చలికాలంలో వచ్చింది. గుర్రం నుంచి గుర్రానికి, గుర్రం నుంచి మనిషికీ పాకే జబ్బు అది. పైకి ఏమీ కనబడకుండా నెలల తరబడి ఒంట్లో దాగి ఉండగలదు. బయటపడితే ముక్కు కారుతుంది, చర్మం కింద గడ్డలు కడతాయి. ఉన్నట్టు తేలిన గుర్రాన్ని చంపి, లోతుగా పూడ్చాలని చట్టం. పశువుల డాక్టరు వకుళ తన మనుషులతో తీరానికి వచ్చి ప్రతి నంబరు గుర్రానికీ రక్తం తీస్తామని చెప్పింది.

ముత్యాలుకు ఆ రోజుల్లో దగ్గు ఉండేది. ముసలితనపు దగ్గేనని దాలమ్మ అనేది. దగ్గే గుర్రాన్ని చూస్తే డాక్టరు నంబరే తీసేస్తుందని ఎర్రయ్య భయపడ్డాడు. ముత్యాలును సరుగుడు తోటలో కట్టేసి, నన్ను తిత్లికి అంటించి తీసుకెళ్ళాడు. నిగనిగలాడే గుర్రాన్ని చూసి డాక్టరు మెచ్చుకుంది కూడా. సూది తిత్లి మెడలో దిగింది. సీసా మీద పంతొమ్మిది అని రాశారు. నిర్ధారణ కోసం రెండోసారి రక్తం అడిగినప్పుడూ తిత్లినే తీసుకెళ్ళక తప్పలేదు. మొదటి అబద్ధానికి రెండోది కాపలా కాస్తుంది. దాలమ్మ రెండుసార్లూ చూస్తూ ఊరుకుంది.

ఫలితం వచ్చిన సాయంత్రం ఎర్రయ్య ఇంటి గుమ్మంలో నిలబడి, పంతొమ్మిదికి జబ్బు తేలిందని చెప్పాడు. ఏ గుర్రానికని ఆమె అడగలేదు. సూది ఎవరి మెడలో దిగిందో ఇద్దరికీ తెలుసు. నేను దండెం మీద ఆరుతున్న మెత్తకు అంటుకుని ఉన్నాను. చాలాసేపు ఆమె నన్నే చూసింది. ఎర్రయ్య పక్కన కూర్చున్నాడు.

“అప్పా, ఆళ్ళకి కావాల్సింది పంతొమ్మిది. పంతొమ్మిది ఎవులో మనవే గదా సెప్పాల.”

“ముసిల్ది ఏటి సేసిందిరా?”

“ఏటీ సెయ్యనేదు. ముసిల్దయిపోనాది. అంతే.”

ఎంచుకోవడం అంటే ఏదో గొప్ప సంకల్పమని పుస్తకాలు చదివేవారు అనుకుంటారు. నేను చూసిన ఎంపిక అలా లేదు. ఒక ఆడమనిషి లేచి, పొయ్యి రాజేసి, గంజి కాచి, రెండు గుర్రాలకూ సమానంగా పోసింది.

మర్నాడు తిత్లిని సరుగుడు తోటలో దాచి, ముత్యాలుకు ఒళ్ళు తోమింది. ఉతికిన మెత్త పరిచింది. నన్ను అంటించి, అరచేత్తో అదిమి పట్టుకుంది. అంతసేపు అదమవలసిన పని లేదు. నేను అప్పటికే పట్టుకున్నాను.

డాక్టరు తెల్లని దుస్తుల్లో, ముఖానికి ముసుగుతో వచ్చింది. అప్పటికే ఆమె ఆ తీరంలో జబ్బు తేలిన ఇంకో గుర్రాన్ని సూదిమందుతో శాశ్వతంగా నిద్రపుచ్చి వస్తున్నది. నన్ను చూసింది, వన్నె చూసింది, నొసట చుక్క చూసింది. గుర్రం పై పెదవి మీద చెయ్యి వేసింది. పెదవి ఎత్తి పళ్ళు చూస్తే వయసు తెలిసిపోయేది. ముత్యాలు ఆ చేతిని నాకింది. డాక్టరు చెయ్యి తీసేసి దాలమ్మ వైపు తిరిగింది.

“ఇదేనా దాలమ్మా?”

“నెంబరు దాని మీదే ఉంది గదా, డాట్రమ్మా.”

అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. నా చేత చెప్పించింది. నేను పంతొమ్మిది అంటూ ఆ పక్కటెముకల మీద ఉన్నాను. నాకు వేరే మాట రాదు.

మెత్త, తాళ్ళు, జీను అన్నీ తగలబెట్టాలి. నన్ను మాత్రం మందునీళ్ళలో ముంచి దాచాలని ఉత్తర్వు. కనుక సూదికి ముందు డాక్టరు నన్ను పీకింది. చర్రుమన్నాను. ముత్యాలు చెవులు వాల్చింది. బరువు మూడు కాళ్ళ మీద వేసి నాలుగోదాన్ని సడలించింది.

దాలమ్మ ముఖం తిప్పుకుంది. ముత్యాలు రక్తాన్ని ఎవరూ ఎప్పుడూ పరీక్షించలేదు. అది జబ్బుదో, ఆరోగ్యమైనదో ఈ లోకంలో ఎవరికీ తెలియదు, ఇక తెలిసే వీలూ లేదు. తెలియకపోవడాన్ని సున్నం చల్లి పూడ్చారు.

కొంతకాలం తీరం మూతపడింది. మళ్ళీ తెరిచినప్పుడు, గుర్రాన్ని పోగొట్టుకున్నవారికి వారి నంబరునే తిరిగి ఇచ్చారు. కొత్త గుర్రాన్ని తెచ్చుకుని, రక్తపరీక్ష చేయించి వాడుకోవచ్చన్నారు. నేను దాలమ్మ ఇంటికి తిరిగి వచ్చాను. తిత్లికి నంబరు రావాలని ఆమె ఏళ్ళ తరబడి ఎంతమంది గుమ్మాలెక్కిందో నాకు తెలుసు. ఇప్పుడు వచ్చింది. అంటించాలంటే దాని రక్తం ఇవ్వాలి. ఆమె నన్ను మేకుకు తగిలించి, చూడడం మానేసింది.

ఎర్రయ్య మానలేదు. పట్టణానికి దూరంగా, చేపలరేవు అవతల ఇంకో తీరముంది. అక్కడ తనిఖీలు లేవు. అప్ప కూలిపనికి వెళ్ళిన ఆదివారాల్లో తిత్లిని అక్కడికి తోలుకెళ్ళేవాడు. నంబరున్న గుర్రమంటే జనానికి నమ్మకమని నన్నూ తీసుకెళ్ళాడు. కుటుంబాలు నన్ను చూసి, ఇది సర్కారు లెక్కలో ఉన్న గుర్రమేనని తృప్తిపడి పిల్లల్ని ఎక్కించేవి. మనిషి ముఖాన్ని సందేహించేవారు కూడా అంకెను సందేహించరు. నా కింద, మెత్త కింద, చర్మం కింద ఏముందో ఒక్కరూ అడగలేదు.

అలాంటి ఒక సాయంత్రం ఎర్రయ్య నవ్వుతూ ఇంటికొచ్చాడు. ఆమెకు తెలిసిపోయినా ఫర్వాలేదన్నంత సంతోషంగా ఉన్నాడు.

“అప్పా, ఇయ్యాల ఓ గుంట తిత్లి మెడట్టుకుని దిగనంటే దిగనంది. దీని ముక్కు కారతంటే తన గౌనుతో తుడిసింది. జలుబు సేసిందేటి నీకు అనడిగింది.”

దాలమ్మ లేచి వెళ్ళి తిత్లి దగ్గర కూర్చుంది. వెనుక కాలి లోపలి వైపు చెయ్యి పోనిచ్చింది. చర్మం కింద చిన్నచిన్న గడ్డలు, దారానికి గుచ్చిన పూసల్లా, ఒకదాని కింద ఒకటి. వాటి మీద వేలు కదుపుతూ ఆమె తమ్ముణ్ణి అడిగింది.

“ఆ గుంట ఎవుల తాలూకా?”

“ఏమో. ఊరోళ్ళు కాదు. కారులో ఎల్లిపోనారు.”

తెల్లారగానే నన్ను కొంగులో చుట్టుకుని ఆమె డాక్టరు వద్దకు నడిచి వెళ్ళింది. కూర్చోమంటే కూర్చోలేదు. నన్ను బల్ల మీద పెట్టింది.

“ఆ దినం నాను నెంబరిచ్చినాను, డాట్రమ్మా. గుర్రాన్ని ఇవ్వనేదు.”

డాక్టరు నన్ను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. తర్వాత మెల్లగా, తానా రోజు పెదవి ఎత్తి చూసి ఉండవలసిందని అంది. దాలమ్మ తల అడ్డంగా ఊపింది. తన వంతు తప్పును ఎవరితోనూ పంచుకోదలచుకోలేదు.

తిత్లిని నిద్రపుచ్చినప్పుడు దాని తల తన ఒడిలో ఉండాలని దాలమ్మ కోరుకుంది కానీ అధికారులు ఒప్పుకోలేదు. దూరంగా తాడు అవతల నిలబెట్టారు. ఎర్రయ్యకు, ఆమెకు రక్తపరీక్షలు చేశారు. ఇద్దరికీ జబ్బు లేదన్నారు. ఆ మాట వినగానే ఆమె ఏడ్చింది. అది ఊరట వల్ల కాదు. తల్లిని ఇచ్చి కూతుర్ని దక్కించుకోలేకపోయింది. కూతుర్ని దాచి, ముక్కూ ముఖం తెలియని ఒక బిడ్డను ఆ జబ్బు దగ్గరికి పంపింది. తాను మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ బిడ్డ కోసం ప్రకటనలు వేశారు, ఆసుపత్రులకు కబురు చేశారు. ఎవరూ రాలేదు. ఆ బిడ్డకు ఏమీ సోకలేదేమో. సోకి, ఏ ఊళ్ళోనో జ్వరంతో పడుకుని ఉందేమో. వైద్యులకు గుర్రం సంగతి చెప్పేవారు ఎవరూ లేక, వాళ్ళకూ అంతుచిక్కడం లేదేమో. గుర్రాలకు అంకెలు కేటాయించిన వ్యవస్థ దగ్గర ఆ పిల్లను వెతకడానికి ఒక్క గుర్తూ లేదు.

నన్ను తనకే ఇచ్చెయ్యమని దాలమ్మ అడిగింది. ఎందుకో డాక్టరుకు అర్థమైంది. మందునీళ్ళలో కడిగి ఇచ్చింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆమె రేవు అవతలి తీరానికి వెళ్తుంది. నా రంగు వెలిసింది, అంకె మాత్రం ఇంకా స్పష్టంగానే ఉంది. కార్లు దిగిన ప్రతి కుటుంబం ఎదుటా నన్ను రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటుంది. పిల్లల ముఖాల్లోకి, వాళ్ళ చేతుల మీది చర్మం కేసి చూస్తుంది. అడిగే మాట ఒక్కటే.

“ఈ నెంబరు గుర్రం ఎప్పుడైనా ఎక్కినారా అమ్మా?”

వాళ్ళు నన్ను చూస్తారు. ఆమె వెనుక ఖాళీగా ఉన్న ఇసుకను చూస్తారు. బేరానికి వచ్చిందనుకుంటారు. పిల్లలు అప్పటికే తల్లుల చేతులు పట్టి లాగుతుంటారు.

“ఎక్కుతాం. గుర్రమేదీ?” అంటారు.