మెడ మీద కన్ను

పిల్లల కార్టూన్లలో కెరటం అనే వీరుడు ఇన్నేళ్లుగా లోకాన్ని కాపాడుతున్నాడంటే, అందులో సగం పుణ్యం గంగాధర్‌దే. ఇది గంగాధర్ లెక్క. కెరటానికి కొండల్ని పిండి చేసే బలం ఉంది గానీ, వెనక నుంచి ఎవడొస్తున్నాడో చూసుకునే తెలివి లేదు. అందుకే ప్రతి కథలోనూ నావ మావయ్య అనే మామూలు మనిషి ఒడ్డున నిలబడి, "నాయనా, వెనక చూస్కో" అని కేకేస్తాడు. ఆ మావయ్య గొంతు గంగాధర్‌ది. బందరు దగ్గర చేపల పడవల మధ్య పెరిగిన గొంతు కాబట్టి, మైకు లేకపోయినా బెంజ్ సర్కిల్ దాకా వినపడుతుంది.

జనం కూడా అతన్ని మావయ్యగానే చూసేవారు. ఒకసారి ఉయ్యూరు నుంచి ఒకాయన వచ్చి, చెరకు తోటలో పందులు పడుతున్నాయి, కెరటం చెవిన ఒక మాట వెయ్యమని బతిమాలాడు. గంగాధర్ కాదనలేదు, చూద్దాంలెండి అన్నాడు. పందులు వాటంతటవే పోయాయి. ఆయన బెల్లం పంపాడు, ఇతను తిన్నాడు.

అలాంటి మనిషిని దర్శకురాలు వినీల స్టూడియోకి పిలిచి, మావయ్యను తీసేస్తున్నామని చల్లగా చెప్పింది.

"ఈసారి కెరటానికి మెడ మీద కన్ను పెట్టామండీ. వెనకాల ఏమొచ్చినా అదే చెప్పేస్తుంది."

"కన్ను చెప్పడమేంటమ్మా?"

"మాట్లాడే కన్నండీ. దానికి గొంతు మీరే ఇవ్వాలి. కాకపోతే అది యంత్రం. ప్రేమా, కంగారూ ఏమీ ఉండకూడదు. 'వెనక ప్రమాదం', అంతే. ఆ నాయనా గీయనా వద్దు."

గంగాధర్‌కి ఏడుపొచ్చినంత పనైంది. ఇది కూడా పోతే కెరటంతో చుట్టరికం తెగిపోయినట్టే. సొంత మేనల్లుడు పెళ్లికి పిలవకపోయినా ఇంత బాధపడేవాడు కాదు. చేస్తానని ఒప్పుకున్నాడు.

ఇంట్లో సాధన మొదలైంది. "కూర. ఉప్పు. తక్కువ," అన్నాడు అన్నం ముందు కూర్చుని. భార్య నాంచారమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మర్నాడు పొద్దున్నే, "పాలు. పొంగుతున్నాయి," అన్నాడు కుర్చీలోంచి కదలకుండా. పాలన్నీ పొయ్యిపాలయ్యాయి. ఆవిడ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసి నిప్పుల్లో పడేసింది. ఆ ఘాటుకి యంత్రం దగ్గలేక చచ్చింది.

"ఏంటయ్యా నీకీ పాట్లు? ఆ పిల్లోడికి ఎప్పట్లాగే చెప్పొచ్చుగా?" అంది నాంచారమ్మ.

"వాడికి. కన్ను. ఉంది," అన్నాడు గంగాధర్.

రికార్డింగు రోజున, కెరటానికి గొంతు ఇచ్చే కుర్రాడు అఖిలేష్ పక్కనున్న అద్దాల గదిలో నిలబడ్డాడు. తెర మీద బొమ్మ కదిలింది. రాక్షసుడు గద పట్టుకుని కెరటం వెనక్కి చేరాడు.

"వెనక ప్రమాదం," అన్నాడు గంగాధర్, ఎవరికి చెబుతున్నాడో తనకే పట్టనట్టు. అద్భుతంగా వచ్చిందని వినీల సైగ చేసింది. ఆ మెప్పు పట్టించుకోకుండా గంగాధర్ తెర మీది గద వంకే చూశాడు.

ఇప్పుడు అఖిలేష్, "వచ్చావా రాక్షసా" అనాలి. అనలేదు. గద దిగింది, కెరటం బోర్లా పడ్డాడు. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ పడ్డాడు. లోకాన్ని కాపాడాల్సిన వాడు అలా పడుతూ లేస్తూ ఉంటే చూడటానికి సిగ్గేసింది.

"ఏమైంది అఖిలేష్? కన్ను చెప్పగానే మీ డైలాగు కదా," అంది వినీల.

"చెప్పిందాండీ?" అన్నాడు అఖిలేష్ నిజంగానే అయోమయంగా. "నన్నెవరూ పిలవలేదు కదా అని ఊరుకున్నానండీ."

తెర మీద గద మళ్లీ లేస్తోంది. గంగాధర్‌కి ఇంక ప్రాణం ఆగలేదు. తీసేస్తే తీసెయ్యనీ అనుకుని మైకు మీదకు వంగి, "నాయనా, వెనక చూస్కో," అన్నాడు.

అద్దాల గదిలో అఖిలేష్ గిరుక్కున వెనక్కి తిరిగాడు. వెనక ఉత్త గోడ ఉంది. అయినా పక్కకు తప్పుకున్నాడు.