ఎనిమిదో పెట్టె

ఏడో పెట్టె దాకా చెయ్యి బుద్ధిగానే ఉంది. ఎనిమిదో పెట్టె దగ్గర నిచ్చెనెక్కి, మూత తీసి, మరలు బిగువుగా ఉన్నాయో లేదో చూసి, భుజం మీది గుడ్డతో చొక్కా బొత్తామంత కిటికీని గుండ్రంగా మూడుసార్లు తుడిచేశాక గానీ తాను చేసిన పని ఆయనకు తెలిసిరాలేదు.

ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని అద్దాల బాబాయ్ అంటారు. గ్యాసు లీకైతే పసిగట్టే పన్నెండు పెట్టెల కిటికీలను శుభ్రంగా ఉంచడమే ఇరవై ఏడేళ్లుగా ఆయన ఉద్యోగం. పెట్టెలోంచి కంటికి కనిపించని వేడి కిరణం ఒకటి ఆ కిటికీని దాటి వెళ్తుంది. గ్యాసు అడ్డొస్తే కిరణం తగ్గి గంట మోగుతుంది. కిటికీకి ఆవిరో నూనో అంటితే పెట్టెకు తిక్క పుడుతుంది. ఊరికే మోగుతుంది, లేదా మోగాల్సినప్పుడు మోగదు. ఆ రెండోదానికే ఆయన ఇన్నేళ్లూ భయపడ్డాడు. ఇంట్లో భోజనం మధ్యలో చెయ్యి ఆపి, "నాలుగోది తుడిచానంటావా?" అని భార్యను అడిగేవాడు. "మీ వెనకాల నేనూ నిచ్చెనెక్కానా ఏమిటి?" అనేది ఆవిడ, కూర వడ్డిస్తూ.

కిందటి నెల కొత్త కిటికీలు వచ్చాయి. వాటి మీద కంటికి ఆననంత సన్నటి మొనలు కోట్లకొద్దీ ఉంటాయని, నీటిబొట్టు నిలవకుండా దుమ్మును కూడా వెంటబెట్టుకుని జారిపోతుందని, కిరణం వెనక్కి తిరగకుండా సాఫీగా దాటుతుందని ఇంజినీరమ్మాయి చెప్పింది. గుడ్డతో రుద్దితే మాత్రం మొనలు విరిగిపోతాయట; ఇకమీదట మరలు చూస్తే చాలట. 'తుడవకండి' అని పన్నెండు కాగితాల మీద పెద్దక్షరాలతో రాసి, ప్రతి పెట్టె కిందా అంటించింది ఎవరనుకున్నారు? ఈయనే.

ఆ సాయంత్రంతో ఆయన రిటైరవుతున్నాడు. ఎనిమిదో పెట్టె కింద ఉన్నది పంపుల గది. అందులో పనిచేసే నలుగురిలో ఆయన అల్లుడొకడు. కిటికీ చూస్తే నిగనిగలాడుతోంది. ఎవరూ చూడలేదు. ఆయన మూత బిగించి కిందికి దిగాడు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో మేనేజరు ఆయన్ని నిలబెట్టి, ఇన్నేళ్లలో ఒక్క పొరపాటైనా లేదని పొగిడాడు. చప్పట్లు కొడుతున్నవాళ్లలో అల్లుడు కనిపించాడు. పళ్లెం అలాగే వదిలేసి ఇంజినీరమ్మాయి బల్ల దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, ఎనిమిదోది తుడిచేశాను."

"ఎప్పుడు బాబాయ్?"

"పొద్దున్నే. నీకు చెప్పడానికి ఇంతసేపూ నోరు పెగల్లేదు."

ఆ అమ్మాయి కోప్పడలేదు. పంపులు ఆపించి, గదిలోవాళ్లను బయటికి పంపి, ఆయన్నే నిచ్చెన పట్టుకోమంది. పోల్చి చూడ్డానికి ఏడో, ఎనిమిదో కిటికీలు రెండింటి మీదా నీళ్లు చిలకరించి పరీక్ష గ్యాసు వదిలింది. ఏడోది వెంటనే మోగింది. ఎనిమిదోదాని కిటికీ మీద నీళ్లు పొరలా పరుచుకుని అక్కడే ఉండిపోయాయి. అది మోగలేదు.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అల్లుడు ఆ పెట్టె కిందే తిరిగాడు.

ఆ అమ్మాయి కిటికీ మార్చి మళ్లీ నీళ్లు చల్లింది. బొట్లన్నీ జారి నేలమీద పడ్డాయి. గ్యాసు వదలగానే గంట చెవులు చిల్లులు పడేలా మోగింది. అంత కఠోరమైన చప్పుడు వింటూ నవ్వినవాడు ఆ ఫ్యాక్టరీలో ఆయనొక్కడే అయివుంటాడు. భుజం మీది గుడ్డతో ముఖం, మెడ, కళ్లు తుడుచుకున్నాడు.

"మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు," అంది ఆ అమ్మాయి కిందికి దిగుతూ.

"ఇక వీటిని ఎవరూ తుడవక్కర్లేదు కదమ్మా?"

"అక్కర్లేదు."

"అయితే ఈ పూట కడుపునిండా తింటాను."

సాయంత్రం గేటు దగ్గర సంతకం పెట్టి, తాళాలిచ్చి, అల్లుడి స్కూటర్ వెనక కూర్చున్నాడు. అల్లుడు మొదటి మలుపు దగ్గర ఏదో అడిగాడు గానీ ఆయనకు వినిపించలేదు. అప్పటికే కునుకు పట్టింది.

ఎనిమిదో పెట్టె కింద, ఆయన రాసిన కాగితానికి ఎదురుగా, భార్య పాత దిండుగలీబు కత్తిరించి అంచు కుట్టిచ్చిన ఆ గుడ్డ నాలుగు మడతలతో నిచ్చెన మెట్టు మీద ఆరుతోంది.