అక్క చూపు పడిన నీలం

ఆ ఇంట్లో బట్టలు వెలిసిపోతే పారెయ్యరు, పెద్దమ్మాయి ముందు పరుస్తారు. వెలిసిన దుప్పటి ఆమె ఎదురుగా పెట్టి, పక్కింటివాళ్ళు కొన్న కొత్త దుప్పటి గురించి తల్లి కాసేపు మాట్లాడుతుంది. పెద్దమ్మాయికి కళ్ళు కుడతాయి. ఆ చూపు ఎక్కడ పడితే అక్కడ రంగు చిక్కబడుతుంది.

"ఎడమ అంచు కూడా చూడవే. వాళ్ళది పట్టులా మెరుస్తోందిట," అనేది తల్లి, మిషన్ తొక్కుతూనే.

ఇదేదో వింత అని ఎవరూ అనుకోలేదు. కొందరికి చేయి వంటకి కుదురుతుంది, ఈ పిల్లకి చూపు కుదిరింది, అంతే. బట్టలు కుట్టుకు బతికే ఇంట్లో అది కలిసొచ్చే గుణమే కదా!

అసలు బొమ్మల పిచ్చి ముందు పట్టింది అక్కకే. తల్లికి నడుం నొప్పి ముదిరాక రెండో మిషన్ మీదికి మనిషి కావాల్సొచ్చి, అక్క అక్కడ కూర్చుంది. ఆమె కుంచెలు చెల్లి చేతికి వెళ్ళాయి. చెల్లి వాటిని కడిగి, తుడిచి, ప్రాణంలా చూసుకునేది. అదే అక్కకి ఒళ్ళు మండించేది. పాడుచేస్తే తిట్టడానికైనా వీలుండేది.

ఇప్పుడు బొమ్మల కాలేజీలో ఒకే ఒక్క సీటు ఉందని తెలిసింది. దానికి ఎవరి మొహం వాళ్ళే బొమ్మ వేసి చూపించాలి, అదీ ఒక్క రంగుతో. చెల్లి నీలం తీసుకుంది. నీళ్ళు కలిపితే పలచబడింది కాబట్టి నుదురూ బుగ్గలూ సులువుగానే వచ్చాయి. చిక్కబరచడానికే దారి లేదు. నలుపు చుక్క వేస్తే రెండో రంగు కింద లెక్క.

"అక్కా, ఒక్కసారి ఇటు చూడవే."

"నాకు పనుంది."

"ముక్కు పక్కన నీడ లేదే. పిండిముద్దలా ఉన్నాను."

"ఉన్నదే వచ్చింది మరి."

చెల్లి పకపకా నవ్వింది. రేపు సీటొచ్చాక ఇది ఇలాగే నవ్వుకుంటూ వెళ్తుంది, నేనిక్కడ చొక్కాలకి గుండీలు కుట్టుకుంటూ కూర్చుంటాను అనుకుంది అక్క. చూడకూడదనుకుంటూనే చూసింది. ముక్కు పక్కన నీడ దిగింది.

ఆ వారమంతా అదే వరస. చెల్లి పలచగా వేసేది, అక్క ఓర్వలేక చూసేది. కనుబొమలు గుబురయ్యాయి, దవడ తేలింది, కళ్ళ కింద ముదురు నీలం చేరింది. ఏ రోజు ముక్క ఆ రోజు చూసుకున్నారే తప్ప మొత్తం మొహం ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

"ఎంత బాగా కుళ్ళుకున్నావే అక్కా!" అని చెల్లి మెడ వాటేసుకుంది. అక్క విదిలించుకుంది.

బొమ్మ పెద్దది కావడంతో కాలేజీకి ఇద్దరూ మోసుకెళ్ళారు. సీటు ఇచ్చే మాస్టారు దాన్ని గోడకి ఆనించి చాలాసేపు చూశారు. తలెత్తి అక్కని చూశారు. మళ్ళీ బొమ్మని చూశారు.

"అచ్చం దిగిపోయారమ్మా," అన్నారు అక్కతో. "లోపల ఇంత కోరిక పెట్టుకుని, ఏమీ దాచకుండా వేసుకున్నారు. అందరివల్లా కాదు."

అక్క అప్పుడు చూసింది. చెల్లి గుండ్రటి మొహం బొమ్మలో ఎక్కడా లేదు. తన దవడ, తన కనుబొమలు, మిషన్ ముందు అలిసిన తన కళ్ళు. చెల్లి కూడా చూసింది. నవ్వబోయి ఆగిపోయింది.

"సీటు మీదే," అంటూ మాస్టారు కలం తీశారు. "పేరు?"

చెల్లి నోరు తెరిచింది. అంతకంటే ముందే అక్క తన పేరు చెప్పేసింది.