కంటి వెనక వీధుల్లో దండోరా

పొద్దున్నుంచి నా కుడికంట్లో ఎవరో పైపులు వేస్తున్నారు. జీవితమంతా మునిసిపాలిటీ నీళ్ళు వదిలినవాణ్ణి, నన్నొక్క మాటైనా అడగకపోవడం ఏమీ బాగోలేదు. చెప్పులు విప్పి, రెప్ప పైకెత్తి, లోపలికి దిగుతాను.

వెనక వీధులు ఎండిపోయి ఉన్నాయి. ఇక్కడ నీళ్ళంటే రక్తమే. పాత పైపుల్లో పంచదార గడ్డకట్టి చుక్క రావడం లేదు. అంతా నా సుగరు జబ్బు పుణ్యం. ఒకావిడ డప్పు కొడుతూ దండోరా వేస్తోంది.

"దాహం, దాహం! ఎవులైనా పైపులెయ్యండి బాబూ!"

"ఎందుకమ్మా అంత గోల?"

"అడగందే అమ్మైనా అన్నం పెట్టదు కదేటి!"

డప్పు వినబడ్డ ప్రతి గోడకూ కొత్త పైపు మొలుస్తోంది. ఒకటి పట్టుకు చూస్తాను. ఉడికిన సేమ్యాలా మెత్తగా ఉంది, అప్పుడే కారుతోంది. ఛీ ఛీ, ఇదేం పని! మా ఊళ్ళోనూ ఇదే ఆనవాయితీ. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళ వీధికి కొత్త లైను వేస్తారు, పూడిన పాత లైను జోలికి ఎవరూ పోరు.

ఇవి పగిలితే కన్ను రక్తంతో నిండిపోతుంది. ఎడమకన్ను కిందటేడు అలాగే పోయింది. ఇదీ పోతే నా భార్య పైడమ్మ ముఖం ఇక చూడలేను. నాకు భయంగా ఉంది.

ఆస్పత్రిలో నా కన్ను చూస్తున్న డాక్టరమ్మ కరెంటు స్తంభమంత సూదిని పైనుంచి దించుతుంది. మందు డప్పు మీద పడుతుంది. డప్పు మూగబోతుంది, కొత్త పైపులు వాడిపోతాయి.

"డప్పాపేసినారు, బాగుంది. మరి దాహమెవులు తీరుత్తారు?" అంటుంది దండోరా ఆవిడ.

"అంచు వీధులు ఖాళీ చేయించండి, లేజరుతో కాల్చేస్తాను," అంటుంది డాక్టరమ్మ. "అడిగేవాళ్ళు తగ్గితే ఉన్న రక్తం నడివీధికి సరిపోతుంది. పక్కనున్నవి కనబడవు. ఎదురుగా ఉన్నవి దక్కుతాయి."

పెళ్ళయిన నాటినుంచి పైడమ్మ నా పక్కనే కూర్చుంటుంది, ఎదురుగా ఎప్పుడూ కూర్చోదు. అయినా సరేనంటాను.

అంచు వీధులవాళ్ళు తలుపులు ఊడదీసి నెత్తిన పెట్టుకుంటారు. "మరి మేమెక్కడికెల్లాల?" అని నన్నే అడుగుతారు.

ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్న పైడమ్మ వేలితో తన రెప్ప పైకెత్తుతుంది. "ఇటొచ్చీండి. మా ఇంట్లో కాళీ ఉంది."

అందరూ ఆమె కంట్లోకి ఎక్కుతారు. ఆఖరి తలుపుకి ఓ చెయ్యి వేసి నేనూ ఎక్కుతాను. వెనక లేజరు వెలుగుతుంది.

ఆమె కంట్లోంచి చూస్తే పక్కన ఒక ముసలాయన, కాళ్ళకు చెప్పులు లేవు. ఎవరైనా ఉన్నారా అని బెంచీని చేత్తో తడుముతున్నాడు. అయ్యో పాపం అనిపిస్తుంది.

"ఒలే పైడీ, ఆ పెద్దాయనకి సెయ్యందించే."

అందిస్తుంది. ఆయన ఇటు తిరుగుతాడు. ఆయన కంటి నడివీధిలో పీట వేసుకుని, పైడమ్మ ఎర్రటి కుళాయి ధారతో ముఖం కడుక్కుంటోంది. చుక్క కూడా బయటికి కారడం లేదు. కడిగినకొద్దీ ఆ ముఖం తేటగా కనబడుతోంది.