కార్తీకంలో చేపముల్లు

ఇతిశ్రీకి అత్తగారి మీద ఉన్న పెద్ద ఫిర్యాదు, ఆవిడ నోరు మూసుకోవడం. కటక్‌లో కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ నోరు ఎప్పుడు మూతపడుతుందా అని జగన్నాథుడికి మొక్కుకున్న మాట నిజమే. ఆయన వరం ఇవ్వడానికి బోలెడంత ఆలస్యం చేసి, ఇచ్చేటప్పుడు మాత్రం మరీ ధారాళంగా ఇచ్చేశాడు. కార్తీకం మొదలైన కొన్నాళ్ళకే కుంతళాదేవి మాట్లాడటం పూర్తిగా మానేసింది.

మౌనవ్రతమని వీధంతా అనుకుంది. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి కాళ్ళకు దణ్ణం పెడుతుంటే చెయ్యెత్తి దీవించేది. ఒంటిపూట తినే వ్రతపు భోజనం హవిష్యాన్నం కూడా కెలికి లేచిపోతుంటే, ఎంత నిష్ఠ అని కొడుకు ప్రద్యోత్ మురిసిపోయాడు. ఇతిశ్రీకే అనుమానం. అన్నం అడుగంటిన రోజున కూడా ఆవిడ కళ్ళతోనైనా తిట్టలేదు.

ఒక పొద్దున తులసికోట ముందు రంగుల ముగ్గు వేస్తూ కుంతళాదేవి వంగింది. పెదవి చివర నుంచి చొంగ జారి పద్మం రేకు మీద పడింది. ఆవిడ గబుక్కున తుడిచి, రేకు మళ్ళీ దిద్దింది. ఇతిశ్రీ వెళ్ళి చెయ్యి పట్టుకుంది. కాలిపోతోంది.

"బోవూ, నోరు తెరవండి," అంది, ఒడియాలో అమ్మను పిలిచే మాటతో.

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"తెరవకపోతే మీ భక్తురాళ్ళందర్నీ పిలుస్తాను. వాళ్ళ ముందు తెరుద్దురుగాని."

ఆ బెదిరింపు పనిచేసింది. నాలుక ఒక పక్కన, లోపల రేగుపండు దాచుకున్నట్టు ఉబ్బి, నోట్లో చోటు చాలక పళ్ళ మధ్యకు వచ్చేసింది. కుంతళాదేవి వేలెత్తి ముందు అటక మీది పాన్‌దాన్ చూపించింది. తర్వాత గోడ మీద దండ వేసిన ఫోటో చూపించింది. అది వాళ్ళ అక్కది. జీవితమంతా కిళ్ళీ నమిలి, నోట్లో లేచిన గడ్డతోనే పోయింది. ఇన్నాళ్ళూ ఆవిడది వ్రతం కాదు, ఆ భయం. ఇతిశ్రీ ముగ్గు గిన్నె అక్కడే వదిలేసి ఆటో పిలిచింది.

ఆస్పత్రిలో డాక్టర్ సస్మిత నాలుకను తొడుగు వేసుకున్న వేళ్ళతో మెల్లగా తడిమి, చేప తిన్నారా అని అడిగింది. కుంతళాదేవి రెండు చెవులూ మూసుకుంది. కార్తీకంలో తన ఇంటి గడప చేపబుట్ట కూడా దాటదని, నెల చివరి ఐదు రోజులైన పంచుకలో కొంగ సైతం చేపను ముట్టదంటారని ప్రద్యోత్ నొచ్చుకున్నాడు.

"కొంగ సంగతి నాకూ తెలుసండీ, నేనూ ఈ ఊరిదాన్నే. కార్తీకానికి ముందు మాట అడుగుతున్నాను."

ఇతిశ్రీకి కార్తీకానికి ముందు చివరిసారి వండిన పులస ఆవపులుసు గుర్తొచ్చింది. తను వేళ్ళతో ముళ్ళు ఏరి కంచం అంచున పేర్చుకుంటుంటే, పిల్లి కూడా ఇంతసేపు ఏరదు కదే అని అత్తగారు దెప్పింది. దెప్పుతూనే ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. గుచ్చుకుందా అంటే, ముల్లే తనను చూసి దారి తప్పుకుంటుందని చెప్పింది. ఇతిశ్రీ ఇప్పుడు అత్తగారి వైపు చూసింది. అత్తగారు కప్పు వైపు చూసింది.

స్కానింగు తెర మీద నాలుక లోపలి భాగం కనిపించింది. బూడిదరంగు నారల మధ్య ఒక నల్లటి గుంట, ఆ గుంటలో సన్నటి తెల్ల గీత. తన మీద కురిసిన మాటలన్నీ పుట్టిన చోటు ఇంత మెత్తగా, ఇంత చిక్కగా ఉంటుందని ఇతిశ్రీ ఎన్నడూ అనుకోలేదు. నాలుకలో చీము పట్టడం చాలా అరుదని డాక్టరు చెప్పింది. నిండా రక్తం, పైన లాలాజలం కడుగుతూ ఉంటుంది, క్షణం ఊరుకోదు. వీటన్నిటినీ దాటుకుని చీము చేరిందంటే లోపల ఏదో కూర్చుని ఉండాలి. అయితే అది చీమేనా, మరొకటా అన్నది సూదే చెప్పాలి.

సూది దిగింది. సిరంజిలోకి పసుపుపచ్చగా చిక్కటి చీము ఎక్కింది, గది దుర్వాసనతో నిండిపోయింది. డాక్టరు ముఖం విప్పారింది. చీమును చూసి అంత సంతోషించిన మనిషిని ఇతిశ్రీ అంతకు ముందు చూసి ఎరగదు.

వాపు ఇంకా పెరిగితే ఊపిరికే అడ్డమని, మత్తు డాక్టరును పక్కన నిలబెట్టుకుని, తిమ్మిరి మందిచ్చి సస్మిత చిన్న గాటు పెట్టింది. చీము కడిగిన గుంటలోంచి సన్నటి పట్టకారుతో ఒకటి లాగి గాజుగుడ్డ మీద పెట్టింది. వెంట్రుక కన్నా కొంచెం లావు, గోరు కన్నా పొడుగు లేదు. అనుమానం ఉంచుకోకూడదని చిన్న కండముక్క తీసి పరీక్షకు పంపింది. బయటకు తెచ్చి చూపిస్తే ప్రద్యోత్ ఆ ముల్లుకు అప్రయత్నంగా చేతులు జోడించాడు. ఇతిశ్రీకి నవ్వు రాలేదు. ఇల్లంతా ఏలిన మనిషిని ఇంత పరక మూగదాన్ని చేసి కూర్చోబెట్టింది.

సెలైనులో మందులు ఎక్కుతుండగా నాలుక రోజురోజుకీ తగ్గుతూ, అలిగి వెళ్ళిన పిల్ల తిరిగొచ్చినట్టు పళ్ళ వెనక్కి వెళ్ళి తన చోట్లో పడుకుంది. ఇతిశ్రీ పొద్దున్నే నోరు తెరిపించి గుడికి వెళ్ళినట్టు చూసి వచ్చేది. కండముక్క పరీక్షలో భయపడినదేమీ లేదని తేలింది.

ఇంటికొచ్చాక, అక్కడ కార్తీకం ముగిసే పున్నమి దాటింది, వీధిలో మళ్ళీ చేపల వాసన లేచింది. కుంతళాదేవికి మెత్తటి జావే. ఇతిశ్రీ కంచం ముందు కూర్చుని ఎప్పటిలాగే ముళ్ళు ఏరుతోంది. అత్తగారు ఆ వేళ్ళను చాలాసేపు చూసింది. నాలుక మీద ఇంకా నమ్మకం కుదరని దానిలా ఒక్కో మాటా మెల్లగా పలికింది.

"ఆ రోజు గుచ్చుకుందే అమ్మాయ్. నువ్వు అడిగావు, నేను లేదన్నాను. తప్పు నాదే."